అమెరికాలో పీఏ కోర్సుకు దరఖాస్తు: మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలి

నేను డాలస్ దగ్గర ఫిజీషియన్ అసిస్టెంట్‌గా, అంటే పీఏగా పనిచేస్తున్నాను. శనివారం భోజనాల దగ్గరో, గుడిలో ప్రసాదం లైన్లోనో ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఇదే అడుగుతారు. "మా అమ్మాయి బయాలజీ చదువుతోంది, పీఏకి ఎలా అప్లై చేయాలమ్మా?" "మా కోడలు హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ చేసింది, రెసిడెన్సీ రాలేదు. పీఏ చేయొచ్చా?" "అక్కా, నా జీపీఏ 3.3. సీటు వస్తుందా?" నిలబడి మాట్లాడుతూ చెప్పే జవాబులో ఏదో ఒకటి వదిలేస్తాను. వదిలేసింది వాళ్లకు ఏడాది నష్టం తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే అంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను.

ముందు రెండు మాటలు. పీఏ అంటే రోగిని చూసి, పరీక్షలు రాసి, జబ్బేమిటో తేల్చి, మందులు రాసే వృత్తి. డాక్టర్లతో కలిసి ఒక టీమ్‌గా పనిచేస్తాం. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో వైద్య సేవలు చేసి వచ్చిన నలుగురితో మొదలైన ఈ చదువు ఇప్పుడు 300కు పైగా కాలేజీల్లో ఉంది. ఇది మాస్టర్స్ డిగ్రీ, చాలాచోట్ల రెండేళ్ల నుంచి రెండున్నరేళ్లు పడుతుంది. 2021లో వృత్తి సంఘం ఈ పేరును "ఫిజీషియన్ అసోసియేట్"గా మార్చాలని నిర్ణయించింది. కాబట్టి కాలేజీ వెబ్‌సైట్లలో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఫారం నింపడానికి నెల రోజులు చాలు. దానికి ముందు ఏడాదిన్నర, రెండేళ్ల పని ఉంది. సీట్లు పోయేది అక్కడే.

ముందుగా ఏమేం కావాలి

- బ్యాచిలర్స్ డిగ్రీ. ఏ సబ్జెక్ట్ అయినా ఫర్వాలేదు, ఇంజినీరింగ్ చేసినవాళ్లూ వస్తారు.
- ప్రీరిక్స్, అంటే ముందే చదివి ఉండాల్సిన కోర్సులు: అనాటమీ, ఫిజియాలజీ ల్యాబ్‌తో, మైక్రోబయాలజీ ల్యాబ్‌తో, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ. కొన్నిచోట్ల జెనెటిక్స్, మెడికల్ టెర్మినాలజీ కూడా.
- రోగులతో నేరుగా పనిచేసిన గంటలు. కొన్ని కాలేజీలు 500 అంటాయి, కొన్ని 1,000, కొన్ని 2,000.
- పీఏల వెంట ఉండి చూసిన షాడోయింగ్ గంటలు.
- సాధారణంగా మూడు సిఫార్సు లేఖలు.
- ఎందుకు పీఏ కావాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం.
- కాలేజీని బట్టి జీఆర్‌ఈ, పీఏ-క్యాట్, క్యాస్పర్ లాంటి పరీక్షలు. ఏవీ అడగని కాలేజీలు కూడా చాలా ఉన్నాయి.
- డబ్బు. దరఖాస్తు ఫీజు మొదటి కాలేజీకి 180 డాలర్ల పైచిలుకు, తర్వాత ఒక్కోదానికి 60 డాలర్ల ప్రాంతం. పది కాలేజీలకు 700 దాటుతుంది. చాలా కాలేజీలు సొంత ఫారానికి విడిగా ఫీజు తీసుకుంటాయి. ఫీజు మాఫీలు పరిమితంగా ఉంటాయి, కావాలంటే సీజన్ మొదట్లోనే అడగండి.

1. మీకు అర్హత ఉందో లేదో ముందు తేల్చుకోండి

ఏ కోర్సులోనూ చేరకముందే, ఏ ఫీజూ కట్టకముందే చేయాల్సిన పని ఇది. మన వాళ్లలో ఎక్కువమంది దీన్ని చివర్లో చేస్తారు.

పౌరసత్వం లేదా గ్రీన్ కార్డ్ ఉంటే ఈ మెట్టు సులువు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్త, పిల్లల వీసా) మీదో, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదో ఉంటే, విదేశీ విద్యార్థులను తీసుకోని పీఏ కాలేజీలు చాలా ఉన్నాయని గుర్తుంచుకోండి. తీసుకునేవి ఉన్నాయి గానీ వెతకాలి. వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి, మీ వీసా పేరు చెప్పి అడగండి. ఫోన్లో అడిగితే ఒక్కోసారి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మెయిల్‌లో వచ్చిన జవాబు దాచుకోండి.

చిన్నప్పుడు వచ్చి హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. డిగ్రీ పూర్తయ్యే వయసూ దాదాపు అదే. అంటే పీఏకి దరఖాస్తు పెట్టేనాటికి మీ అమ్మాయి ఏ వీసా మీద ఉంటుందో లెక్క వేసుకుని కాలేజీల జాబితా చేయాలి. ఈరోజు ఉన్న హోదాను చూసి చేస్తే తప్పుతుంది.

ఎంబీబీఎస్ చేసినవాళ్లకు: ఇక్కడ పీఏ లైసెన్సుకు పాన్స్ అనే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష రాయాలంటే ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ గుర్తించిన కాలేజీలో పీఏ కోర్సు పూర్తి చేసి ఉండాలి. దీనికి దొడ్డిదారి లేదు. ఎంబీబీఎస్, ఎండీ, ఇండియాలో చేసిన పీఏ డిగ్రీ ఏదున్నా సరే, కోర్సు మొదటి రోజు నుంచి చదవాల్సిందే. "మీ ఎంబీబీఎస్‌తో ఆరు నెలల్లో పీఏ చేయిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇండియా డిగ్రీ ఉన్న ఎవరైనా ఇంకో రెండు చూసుకోవాలి. ప్రీరిక్స్ అమెరికా కాలేజీలోనే చదివి ఉండాలని చాలా పీఏ కాలేజీలు అడుగుతాయి. మీరు ఎంబీబీఎస్‌లో అనాటమీలో ఫస్ట్ వచ్చినా ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదవాల్సి రావచ్చు. రెండోది, మూడేళ్ల బీఎస్సీ ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానమని ప్రతిసారీ తేలదు. అందుకే డిగ్రీ మూల్యాంకనం ముందు చేయించుకుని, ఆ తర్వాతే కోర్సుల మీద డబ్బు పెట్టండి.

2. కాలేజీల జాబితా, ఒక ఎక్సెల్ షీట్

ఏఆర్‌సీ-పీఏ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కాలేజీలన్నీ ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి. గుర్తింపు కొనసాగుతున్నవి, కొత్తవి కాబట్టి ప్రొవిజనల్‌లో ఉన్నవి, లోపాల వల్ల ప్రొబేషన్‌లో ఉన్నవి అని విడివిడిగా చూపిస్తుంది. ప్రొవిజనల్ అంటే భయపడక్కర్లేదు, అక్కడ చదివినవాళ్లూ పాన్స్ రాయవచ్చు. ప్రొబేషన్‌లో ఉంటే మాత్రం కారణం చదివి, ఇంటర్వ్యూలో నేరుగా అడగండి.

ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో రెండు లెక్కలు పెట్టి తీరాలి: పాన్స్ పాసైనవాళ్ల శాతం, చేరినవాళ్లలో ఎంతమంది మధ్యలో ఆగిపోయారో చెప్పే పట్టిక. అందరూ మొదటిది చూస్తారు. మీరు రెండోది కూడా చూడండి. 98 శాతం పాస్ అని చూపించే చోట ఏటా పదిమంది మధ్యలో వెళ్లిపోతుంటే ఆ 98కి అర్థం వేరు.

షీట్‌లో ఒక్కో కాలేజీకి ఈ గడులు పెట్టండి: వీసా షరతు, విదేశీ డిగ్రీ షరతు, కనీస జీపీఏ, ప్రీరిక్స్ పేర్లు, ప్రీరిక్స్‌కు కాలపరిమితి, ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారా, ఎన్ని గంటలు, స్క్రైబ్ (డాక్టర్ పక్కన నోట్స్ రాసే) పనిని లెక్కిస్తారా, లేఖలు ఎవరి నుంచి, ఏ పరీక్ష, గడువు తేదీ, గడువు రకం. కాలపరిమితి చాలామంది చూడరు. సైన్స్ కోర్సులు ఐదేళ్లో, ఏడేళ్లో, పదేళ్లో దాటితే కొన్ని కాలేజీలు ఒప్పుకోవు. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చదువుదామనుకునే మన ఆడవాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే.

ఎన్ని కాలేజీలు? నా అభిప్రాయంలో ఎనిమిది నుంచి పన్నెండు. అన్ని షరతులకూ సరిపోయే ఎనిమిది, సగం సరిపోయే ఇరవై కంటే మేలు. మీ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలను తప్పకుండా చేర్చండి, స్థానికులకు ఫీజు తక్కువ.

3. కోర్సులు, జీపీఏ

దాదాపు అన్ని కాలేజీలకూ దరఖాస్తు కాస్పా అనే ఒకే వెబ్‌సైట్ ద్వారా వెళ్తుంది. కాస్పా మీ కాలేజీ ఇచ్చిన జీపీఏను తీసుకోదు, తన పద్ధతిలో కొత్తగా లెక్క వేస్తుంది. ఇక్కడే చాలామంది షాక్ అవుతారు.

కెమిస్ట్రీ నాలుగు క్రెడిట్లలో మీకు సీ వచ్చింది, మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నారు అనుకుందాం. మీ కాలేజీ సీ తీసేసి 4.0 చూపించవచ్చు. కాస్పా రెండూ కలుపుతుంది: 8 క్రెడిట్లకు సగటు 3.0. కాబట్టి "రిపీట్ చేశాను, పాతది పోయింది" అనుకోకండి. క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీలో చదివితే 3 క్వార్టర్ క్రెడిట్లు 2 సెమిస్టర్ క్రెడిట్లు అవుతాయి. నాలుగు సెమిస్టర్ క్రెడిట్లు అడిగిన చోట అది చాలకపోవచ్చు.

ఇండియా డిగ్రీవాళ్లు మాత్రం ఇది రెండుసార్లు చదవండి. విదేశీ మార్కులు కాస్పా జీపీఏలోకి రావు. అంటే మీరు ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదివే ఆ పది కోర్సులే మీ మొత్తం జీపీఏ. అందులో ఒక్క సీ వచ్చినా దాన్ని మోసే పాత మార్కులు ఏవీ ఉండవు. చిన్న పిల్లతో, ఇంటి పనితో ఒకే సెమిస్టర్‌లో నాలుగు సైన్స్ కోర్సులు తీసుకోవద్దు. రెండు తీసుకోండి, రెండింటిలో ఏ తెచ్చుకోండి. ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు.

3.3 ఉన్నవాళ్లకు జవాబు: చాలాచోట్ల కనీసం 3.0, కాబట్టి తలుపు మూసుకోలేదు. కానీ చేరుతున్నవాళ్ల సగటు కనీసం కంటే పైనే ఉంటుంది. చివరి రెండేళ్లు బాగుంటే, చివరి 60 క్రెడిట్లను ప్రత్యేకంగా చూసే కాలేజీలను మీ జాబితాలోకి తెచ్చుకోండి.

4. గంటలు పోగుచేయడం

కాస్పాలో రోగులతో పనికి రెండు గడులు ఉంటాయి. ఒకటి పేషెంట్ కేర్: మీరు రోగిని ముట్టుకుని, అతని చికిత్సలో బాధ్యత తీసుకున్న పని. నర్సింగ్ అసిస్టెంట్, అంబులెన్స్‌లో పనిచేసే ఈఎంటీ, మెడికల్ అసిస్టెంట్, రక్తం తీసే ఫ్లెబాటమిస్ట్ ఇందులోకి వస్తారు. రెండోది హెల్త్ కేర్: ఆసుపత్రిలోనే ఉన్నా చికిత్సలో నేరుగా చేయి లేని పని. ఫ్రంట్ డెస్క్, బిల్లింగ్, ఫార్మసీ కౌంటర్ లాంటివి. డాక్టర్ పక్కన కూర్చుని నోట్స్ రాసే స్క్రైబ్‌ను కొన్ని కాలేజీలు మొదటి దాంట్లో, కొన్ని రెండో దాంట్లో వేస్తాయి. మీ షీట్‌లో ఆ గడి అందుకే.

ఒక క్లినిక్‌లో సగం రోజు ఫోన్లు ఎత్తి, సగం రోజు బీపీ చూసి, ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే గంటలను రెండుగా విడగొట్టి రెండు ఎంట్రీలు పెట్టండి. అవే గంటలను రెండు చోట్లా వేయకూడదు. లెక్క సులువే: వారానికి 30 గంటలు, 40 వారాలు, 1,200 గంటలు. సెలవులు తీసేసి లెక్కించండి. సూపర్‌వైజర్ పేరు, ఫోన్ నంబర్ ఇవ్వాలి, కాలేజీ ఫోన్ చేసి అడగవచ్చు. గుండ్రంగా పెంచి రాయకండి.

ఏ పని ఎంచుకోవాలి? వేసవి సెలవుల్లో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు వారాల్లో అయిపోతుంది, ఉద్యోగమూ త్వరగా దొరుకుతుంది. ముసలివాళ్లకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఉంటుంది. "డిగ్రీ చదివి ఆ పనేంటి" అని ఇంట్లో అంటారు, నాకు తెలుసు. కానీ రోగి పక్కన నిలబడటం నేర్పే పని అంతకంటే మంచిది నేను చూడలేదు. ఇంటర్వ్యూలో చెప్పడానికి నిజమైన అనుభవాలు దొరికేదీ అక్కడే.

వీసా ఉన్నవాళ్లకు గట్టి హెచ్చరిక. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పని అనుమతి లేదు. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంటేనే పని చేయవచ్చు. మామూలుగా జీతం ఇచ్చే ఉద్యోగాన్ని "జీతం వద్దు, గంటలు చాలు" అని తెలిసినవాళ్ల క్లినిక్‌లో చేయడం వాలంటీరింగ్ కిందకు రాదు, మీ వీసాకే ప్రమాదం తెస్తుంది. ఆసుపత్రులు నడిపే అధికారిక వాలంటీర్ కార్యక్రమాల్లో చేరండి, ఎఫ్-1 అయితే ముందు మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగండి.

ఇండియాలో హౌస్ సర్జన్‌గా చేసిన గంటలు? కొన్ని కాలేజీలు పేషెంట్ కేర్ కింద ఒప్పుకుంటాయి, కొన్ని అమెరికాలో చేసినవే కావాలంటాయి. ఇదీ మెయిల్ రాసి అడగాల్సిన ప్రశ్నే.

షాడోయింగ్‌కు రెండు వేర్వేరు విభాగాల్లో ఇద్దరు పీఏలను చూస్తే చాలు. డాక్టర్ల వెంట వంద గంటలు తిరిగి, పీఏ వెంట ఒక్కరోజూ లేకపోతే "మీకు ఈ వృత్తి ఏం తెలుసు?" అని అడుగుతారు.

5. సిఫార్సు లేఖలు

ఒకటి పీఏ నుంచి, ఒకటి మీతో పనిచేసిన సూపర్‌వైజర్ నుంచి, ఒకటి సైన్స్ ప్రొఫెసర్ నుంచి ఉంటే దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది. మన కుటుంబాల్లో జరిగే పొరపాటు: "కార్డియాలజిస్ట్ అంకుల్ ఉన్నారుగా, పెద్ద పేరు, ఆయన రాస్తారు" అని. ఆయన మిమ్మల్ని పండుగలకే చూశారు, రోగి దగ్గర ఎప్పుడూ చూడలేదు. ఆ లేఖ చదివేవాళ్లకు అది రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. రాత్రి షిఫ్టులో మీ పక్కన నిలబడ్డ నర్సు రాసిన లేఖ దానికంటే ఎన్నో రెట్లు బలమైనది.

లేఖ చూసే హక్కు వదులుకుంటారా అని కాస్పా అడుగుతుంది. వదులుకోండి. రాసేవాళ్లకు కనీసం ఆరు వారాల ముందు చెప్పండి, మీ గంటలు, మీరు చేసిన పనులు ఒక పేజీలో రాసి ఇవ్వండి. లింకు వాళ్ల మెయిల్‌కు నేరుగా వెళ్తుంది, చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. పంపిన మర్నాడే "వచ్చిందా?" అని అడగండి. వారం ఆగితే ఆ వారం పోయినట్టే.

6. వ్యాసం

ఖాళీలతో కలిపి 5,000 అక్షరాలు. ఇంగ్లీషులో దాదాపు ఒక పేజీ కొంచెం దాటుతుంది.

మన పిల్లలు చూపించిన వ్యాసాల్లో సగం ఇలా మొదలవుతాయి: విజయవాడలో అమ్మమ్మకు జబ్బు చేసింది, ఆసుపత్రిలో చూశాను, అప్పుడే నిర్ణయించుకున్నాను. ప్రేమ నిజమే. కానీ అందులో అమ్మమ్మ ఉంది, డాక్టర్ ఉన్నాడు, పీఏ లేడు. పేరు తీసేస్తే అదే వ్యాసం మెడికల్ కాలేజీకీ పంపవచ్చు. వ్యాసం పూర్తయ్యాక "పీఏ" అని ఉన్నచోటల్లా "డాక్టర్" అనో "నర్స్" అనో పెట్టి చదవండి. అర్థం చెడకుండా సాగిపోతే మళ్లీ రాయాలి.

ఏం రాయాలి? మీరు చూసిన ఒక పీఏ ఒక రోగితో ఏం చేశారు, అందులో మీకేం నచ్చింది, మీరు మీ పనిలో ఏం నేర్చుకున్నారు. తెలుగు వస్తే అదీ చెప్పండి. మాట అర్థంకాక బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఒక పెద్దాయనకు మీరు ఏం చెప్పి ధైర్యం ఇచ్చారో రాస్తే బాగుంటుంది. అయితే పేరుతో సహా రోగి వివరాలేవీ రాయకూడదు. మెడికల్ స్కూల్లో సీటు రాలేదు కాబట్టి ఇటు వచ్చానన్న ఛాయ కూడా పడనివ్వకండి. మీ మనసులో ఉన్నది నిజంగా అదే అయితే వ్యాసం రాసే ముందు మీతో మీరు ఒకసారి మాట్లాడుకోండి.

అంతా మీ సొంత రాత అయి ఉండాలి. అక్షరదోషాలు ఇంకొకరి చేత చూపించుకోవడం తప్పు కాదు, వేరే వాళ్ల చేత రాయించడం తప్పు. కాలేజీ పేరు వ్యాసంలో పెట్టకండి, ఒకే వ్యాసం అందరికీ వెళ్తుంది.

7. కాస్పా ఫారం నింపడం

ఏటా ఏప్రిల్ చివర్లో తెరుస్తారు. నాలుగు భాగాలు ఉంటాయి: సొంత వివరాలు, చదువు, అనుభవాలు మొదలైనవి, చివరగా ఒక్కో కాలేజీ విడిగా అడిగే ప్రశ్నలు.

మొదటి చిక్కు పేరు దగ్గరే. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, ఇండియా సర్టిఫికెట్లలో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఒకలా, పెళ్లయ్యాక గ్రీన్ కార్డ్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఫారంలో రాయండి. వేరే పేర్లతో పత్రాలు ఉన్నాయా అని అడిగే చోట పాత పేర్లన్నీ, ఇంటిపేరు పూర్తిగా ఉన్నదీ, ఒక అక్షరంతో ఉన్నదీ, అన్నీ ఇవ్వండి. లేకపోతే మీ ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రం) వచ్చినా మీదని వాళ్లకు తెలియదు.

రెండో చిక్కు నాకే జరిగింది. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ క్రెడిట్ కింద ఒక కమ్యూనిటీ కాలేజీలో ఒకే ఒక్క కోర్సు చదివాను. ఆ క్రెడిట్లు నా యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తున్నాయి కదా అని ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ విడిగా తెప్పించలేదు. వారాల తరబడి దరఖాస్తు కదలకుండా ఉండిపోయింది. టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. మీరు అడుగుపెట్టిన ప్రతి కాలేజీ నుంచీ, ఒక్క కోర్సైనా, మధ్యలో వదిలేసినా, ట్రాన్‌స్క్రిప్ట్ నేరుగా కాస్పాకు వెళ్లాలి.

కోర్సులను ట్రాన్‌స్క్రిప్ట్ ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ ఎక్కించండి: పేరు, నంబర్, సెమిస్టర్, క్రెడిట్లు, గ్రేడ్. విత్‌డ్రా చేసినవీ, మళ్లీ చదివినవీ అన్నీ. గుర్తున్నదాన్ని బట్టి నింపితే తప్పులు వస్తాయి, తప్పులుంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఇండియా డిగ్రీకి డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థతో కోర్సు వారీ మూల్యాంకనం చేయించాలి. మొత్తం డిగ్రీకి మాత్రమే చేసే చౌక రకం తీసుకుంటే మళ్లీ డబ్బు కట్టాలి. ఏ సంస్థది ఒప్పుకుంటారో మీ కాలేజీలను ముందే అడగండి. విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ కానివ్వండి, ఉస్మానియా కానివ్వండి, జేఎన్‌టీయూ కానివ్వండి, ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించడానికి నెలలు పట్టవచ్చని అనుకునే మొదలుపెట్టండి. అక్కడ తిరిగి చూసే మనిషి ఒకరు ఉండాలి.

8. ఎప్పుడు సబ్మిట్ చేయాలి

చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. గడువు అక్టోబర్ ఒకటి అని ఉన్నా జులైలోనే పిలుపులు మొదలవ్వచ్చు. జూన్‌లో పంపేలా ప్లాన్ చేసుకోండి. అలాగని తప్పులతో తొందరపడకండి.

గడువుల్లో మూడు రకాలున్నాయి. ఒకదానికి ఆ తేదీలోపు సబ్మిట్ నొక్కితే చాలు. ఇంకోదానికి అప్పటికి ఫీజు, ట్రాన్‌స్క్రిప్టులు, లేఖలు కూడా చేరి ఉండాలి. మూడోదానికి కాస్పా వాళ్లు మీ మార్కులన్నీ సరిచూడటం కూడా ఆ తేదీలోపు అయిపోవాలి. ఈ సరిచూడటానికి వారాలు పడుతుంది. మూడో రకం గడువున్న కాలేజీకి చివరి రోజు సబ్మిట్ చేస్తే ఫీజు పోవడం తప్ప ఇంకేం ఉండదు.

నొక్కాక వ్యాసం మార్చలేరు. కొత్త కాలేజీలు చేర్చుకోవచ్చు. అందుకే అన్నీ సిద్ధంగా ఉన్న నాలుగు కాలేజీలకు ముందు పంపి, మిగతావి తర్వాత కలపడం మంచి పద్ధతి.

సబ్మిట్ చేసే ముందు ఇవి చూసుకోండి:

- పీడీఎఫ్ దించుకుని కాగితం మీద చదవండి. తెర మీద కనిపించని తప్పులు కాగితం మీద కనిపిస్తాయి.
- ప్రతి కాలేజీకి ప్రీరిక్స్ సరైన కోర్సుతో జతచేశారా?
- గంటల మొత్తం వారాల లెక్కతో సరిపోతోందా? ఫుల్‌టైమ్ చదువుతూ వారానికి 60 గంటల పని అని పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది.
- వ్యాసం చివరి వాక్యం పూర్తిగా వచ్చిందా, తెగిపోయిందా?

9. పంపాక రోజూ చూడాల్సినవి

మీ స్టేటస్ కంప్లీట్, ఆ తర్వాత వెరిఫైడ్ అయ్యేదాకా నిశ్చింతగా ఉండకండి. అన్‌డెలివర్డ్ అని కనిపిస్తే ఏదో తప్పుంది, వెంటనే సరిచేసి మళ్లీ పంపాలి. ఆ మెయిల్ కూడా స్పామ్‌లో పడుతుంది. కాలేజీ సొంత ఫారం విడిగా ఉంటే దాని గడువూ విడిగానే ఉంటుంది. కాస్పా పంపేసి "అయిపోయింది" అనుకుని, ఆ రెండో ఫారం మర్చిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

వెరిఫై అయ్యాక కాస్పా లెక్కవేసిన జీపీఏ కనిపిస్తుంది. మీరు ముందే వేసుకున్న లెక్కతో పోల్చండి. తేడా ఎక్కువుంటే ఏదో కోర్సు తప్పుగా పడినట్టే, కాస్పాకు రాయండి.

10. ఇంటర్వ్యూ

కొన్నిచోట్ల ఒకరిద్దరు కూర్చుని అడుగుతారు. కొన్నిచోట్ల ఎంఎంఐ: ఐదారు నిమిషాలకు ఒక గది, ఒక్కో గదిలో ఒక్కో సమస్య. కొన్నిచోట్ల అందరినీ కలిపి ఒక పని ఇచ్చి ఎలా మసలుతున్నారో చూస్తారు.

మన పిల్లలు ఇంట్లో పెద్దల ముందు అణకువగా ఉండటం నేర్చుకుని వస్తారు. దాంతో "నేను చేశాను" అనాల్సిన చోట "మేం చేశాం" అంటారు. టీమ్‌ను గౌరవించండి, కానీ మీ చేతులతో మీరు చేసింది మీ నోటితో చెప్పండి. అదే గుంపులో ఉన్నప్పుడు ఇతరుల మాట పూర్తిగా విని, అప్పుడే మాట్లాడండి. "తెలియదు, సూపర్‌వైజర్‌ను అడుగుతాను" అనడం తప్పు జవాబు కాదు. పీఏ పనిలో తన హద్దు ఎక్కడుందో తెలిసినవాళ్లనే వాళ్లు వెతుకుతారు.

11. సీటు వచ్చాక

సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ కట్టాలి. వందల నుంచి వెయ్యి పైచిలుకు డాలర్లు, మామూలుగా వెనక్కి రాదు. రెండు కాలేజీలు పిలిస్తే కట్టేముందు తేదీలు చూసుకోండి.

ఫీజు విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఫెడరల్ లోన్లు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పులు, పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు, ఇంకా కొద్ది హోదాలవాళ్లకే. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. అంతకుముందు కోర్సు ఖర్చంతా దానితో తీరేది. మీకు ఏడాదికి ఎంత ఫెడరల్ లోన్ వస్తుందో, మిగతాది ఎలా సర్దాలో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును డిపాజిట్ కట్టకముందే అడగండి. కోర్సు జరుగుతున్నప్పుడు ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం, ఆ జీతం మీద లెక్కలు వేసుకోకండి.

తర్వాత నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్ట్, టీకాల రుజువులు అడుగుతారు. హెపటైటిస్ బి, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా కార్డు ఇండియాలో పోయినా ఫర్వాలేదు, రక్తపరీక్షతో రక్షణ ఉందని చూపించవచ్చు. హెపటైటిస్ బి రక్తంలో కనిపించకపోతే మళ్లీ డోసులు వేయించుకోవాలి, నెలలు పడుతుంది, కాబట్టి దాన్ని ముందు చేయించండి. టీబీ పరీక్ష విషయంలో ఇండియాలో పుట్టినవాళ్లు జాగ్రత్త. చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష టీబీ లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. రక్తంతో చేసే క్వాంటిఫెరాన్ పరీక్ష చేయమని అడగండి, దానికి బీసీజీ అడ్డురాదు.

సీటు రాకపోతే

మొదటిసారి రానివాళ్లు చాలామంది రెండోసారి వస్తారు, ఏదైనా మార్చుకుంటేనే. తిరస్కరించిన కాలేజీలకు మర్యాదగా మెయిల్ రాసి, ఏది తక్కువైందని అడగండి. కొన్ని జవాబిస్తాయి. గంటలా, సైన్స్ మార్కులా, ఆలస్యమా అని తేల్చుకుని ఆ ఒక్కదాని మీద ఏడాది పెట్టండి. పాత వ్యాసాన్ని మళ్లీ పంపకండి. లేఖలు మళ్లీ తెప్పించుకోవాలి, కాబట్టి రాసినవాళ్లకు ఫలితం ఏమైనా సరే ఇప్పుడే ఫోన్ చేసి థాంక్స్ చెప్పి, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అడగవచ్చని చెప్పి ఉంచండి.